ఒంటికాలి మీద

అరవై ముక్కలు.
ఇరవై రెండు నేలలు: బురద, నీరు, మళ్లీ బురద.
ముప్పై ఏడు దాన్ని వెతకడానికి, కాయడానికి,
దాని ఒంటికి తొడగడానికి.
మిగిలింది ఒక్కటి.
కొంగ.

బలం ఒకటి, ప్రాణం ఒకటి.
ఎవరైనా గట్టిగా తుమ్మితే పోతుంది.
ఒంటరిగా దాడికి వెళ్తే మాత్రం బలం రెట్టింపని
అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.
ఆ బొమ్మ గీసినవాళ్లు హల్ నగరం ఎప్పుడూ చూసి ఉండరు,
అయినా హంబర్ ఒడ్డున నేను రోజూ చూసేదే అది,
అద్దె బాకీ పడ్డవాడిలా మెడ ముడుచుకుని.
ఆ బూడిదరంగు మా ఊరిదే.

గురువారం సాయంత్రం, తివాచీల కొట్టు పైన,
తడి కోట్ల వాసనలో పొడుగాటి బల్లలు.
ఎదురుగా థర్కెటిల్.
చేపల పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి,
గోళ్ల కింద గ్రీజు ఇంకా రిటైర్ కాలేదు.
ఆయన వైపు పదకొండు పందికొక్కులు.
నా వైపు ఒక్కటి.
"మిగతావాళ్లు టీకి వెళ్లారా?"

నేను మాట్లాడను. ఈటె తొడుగుతాను.
రెక్కలకు గాలి, ఒంటికి మంచు,
ఎవరూ అడ్డుకోరాదనే నీలం ముక్క.
కొంగ జపం అంటారు గానీ
అది జపం కాదు, లెక్క:
నీటి లోతు, చేప తొందర,
తన నీడ తన వేట మీద పడని కోణం.
ఆరో వంతుకి
అది ఒంటికాలి మీద లేచింది.
ఒకే పోటు. ఇరవై ప్రాణాలు.
యజమాని పోయిన సంగతి తెలియక
పందికొక్కులింకా కీచుమంటూనే ఉన్నాయి.

తర్వాత ఇలోనాతో.
పద్దెనిమిదేళ్లుంటాయేమో, బేకరీ ఏప్రాన్ మీదే వస్తుంది.
ఒక నల్ల ముక్క బల్ల మీద పెట్టింది:
నీ జీవుల్లో ఒకదాన్ని నువ్వే ఎంచి బలి ఇవ్వు.
ఎంచాలట!
రోజుకి ఒక్క బస్సొచ్చే ఊళ్లో
ఏ బస్సెక్కుతావని అడిగినట్టు.
నా చేత్తోనే తీసి పక్కన పెట్టాను.
ఇంకా చేతిలో ఏడు ముక్కలు,
తొడుక్కునే ఒళ్లు లేని ఏడు చొక్కాలు.
"సారీ" అంది ఇలోనా. నిజంగానే అంది.

"చావడానికో చిల్లర ప్రాణి ఉండాలి, లవ్,
అందరి దగ్గరా ఉంటుంది" అని
థర్కెటిల్ తన బిస్కెట్ల డబ్బాలోంచి ఒక పీతనిచ్చాడు.
అంచులరిగిన పీత. పది పెన్నీలిస్తే వద్దన్నాడు.

పగలంతా రక్తపు గొట్టాలకు
పేర్లంటించే చేతులు నావి.
ఆ రాత్రి ఒక డాలు తీసేసి పీతను పెట్టాయి.
దాని పేరు నేను చదవలేదు.
పోయేదని పెట్టుకున్నాక పేరెందుకు?
రెండు వారాలు చదవలేదు.

మూడో గురువారం కొంగ రానే లేదు.
పీత వచ్చింది.
ఇక చేసేదేముంది, ఈటె దానికే ఇచ్చాను.
పట్టుకోవడం రాదు.
రెక్కలు డిప్ప మీద అడ్డదిడ్డంగా.
పోటు పొడవదు, గీరుతుంది,
పక్కకి నడుస్తూ ఒక ప్రాణం,
మళ్లీ పక్కకి నడుస్తూ ఒకటి.
ఇలోనా చేతిలో నల్ల ముక్క ఉంది.
ఆమె బొటనవేలు దాన్ని రుద్దుతున్న తీరే చెబుతోంది.
వేయలేదు.
కొంగ కోసం దాచింది.

పదో ప్రాణం, ఏడో ప్రాణం.
ఇలోనా నా పేక వైపే చూస్తోంది
కొంగ ఏ క్షణాన లేస్తుందోనని.
నేనూ అటే చూస్తున్నాను.
పీతను ఎవరం చూడలేదు
అది ఆఖరి ప్రాణం గీరేదాకా.

ఇంటికెళ్లే బస్సులో, పై అంతస్తులో,
మొదటిసారి దాని పేరు చదివాను.
అడుగున మహిమ ఏదీ రాసి లేదు.
ఆటు పోయాక ఒడ్డులాగ ఖాళీ.
తర్వాత పేక తిరగేసి వెతికాను.
అట్టడుగున ఉంది కొంగ,
మెడ ముడుచుకుని,
ఏమీ ఎరగనట్టు.